అడిగేది పిడి, ఇచ్చేది కంట్రోలర్

ఎలక్ట్రిక్ స్కూటర్ తాళం తిప్పితే మీటరు వెలుగుతుంది. హెడ్‌లైటు, హారను, ఇండికేటర్లు అన్నీ పనిచేస్తాయి. బ్యాటరీ గీతలు నిండుగా ఉంటాయి. పిడి తిప్పితే మాత్రం బండి ఉలకదు, పలకదు. దాన్ని తోసుకుంటూ దగ్గర్లోని షాపుకు వెళితే ఐదు నిమిషాల్లో తీర్పు వచ్చేస్తుంది: "కంట్రోలర్ పోయిందండీ, మార్చాలి."

ఆ మాట అన్న మెకానిక్ మోసగాడు కానక్కర్లేదు. అతని బల్ల మీద కొత్త కంట్రోలర్ ఉంది. కొలిచి చూడటం కంటే మార్చి చూడటం తొందరగా అవుతుంది. పైగా బయట నలుగురు కస్టమర్లు నిలబడి ఉన్నారు. చిక్కల్లా ఖర్చు దగ్గర వస్తుంది. కంట్రోలర్ వేలల్లో ఉంటుంది, థ్రాటిల్, అంటే ఆ తిప్పే పిడి, వందల్లో దొరుకుతుంది. లోపల తెగింది ఒక సన్నని వైరే అయితే దాన్ని అతకడానికి అయ్యే ఖర్చు చెప్పుకోదగ్గది కాదు. ఆ తేడా మీ జేబులో మిగలాలంటే మీరు మెకానిక్ కావాల్సిన పనిలేదు. దేన్ని ముందు అనుమానించాలి, దేన్ని ఆఖరున అనుమానించాలి అన్న వరస తెలిస్తే చాలు. ఈ అధ్యాయం ఆ వరస గురించి.

ఇక్కడ చెప్పేది లైసెన్సు అక్కర్లేని చిన్న స్కూటర్లకు, మోటారు కిట్ బిగించిన సైకిళ్ళకు వర్తిస్తుంది. మోటారు 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు దాటని తరగతి అది. నంబరు ప్లేటు ఉన్న పెద్ద కంపెనీ బండ్లలో చాలావాటికి థ్రాటిల్ నుంచి రెండు సిగ్నళ్ళు వెళతాయి, వాటిని సాఫ్ట్‌వేరు సరిపోల్చుకుంటుంది. వారంటీ కూడా ఉంటుంది. వాటిని ఇంట్లో విప్పొద్దు, సర్వీస్ సెంటరుకు తీసుకెళ్ళండి.

పిడిలో ఏముంది?

పాత లూనాలోనో చేతక్‌లోనో రేజ్ ఇస్తే ఒక ఉక్కు తీగ నిజంగానే కార్బొరేటర్‌ను లాగేది. ఎలక్ట్రిక్ బండి పిడిలో లాగే తీగ లేదు. మోటారును తిప్పే కరెంటు కూడా అందులోంచి పోదు. చాలామందికి ఉన్న భయం ఇక్కడిదే, పిడి విప్పితే షాక్ కొడుతుందేమోనని. హోటల్లో సర్వరు "ఒక దోసె" అని వంటింట్లోకి కేక వేస్తాడు, పెనం ముట్టుకోడు. పిడి చేసేదీ అంతే. ఎంత కావాలో అడుగుతుంది. బ్యాటరీ నుంచి తీసి మోటారుకు ఇచ్చేది కంట్రోలర్.

ఆ అడగడం ఎలా జరుగుతుందంటే, తిరిగే పిడి లోపల అయస్కాంతం ఉంటుంది. తిరగని భాగంలో మూడు కాళ్ళ నల్లని హాల్ సెన్సర్ ఉంటుంది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న ఎడ్విన్ హాల్ 1879లో బంగారు రేకుతో ప్రయోగాలు చేస్తూ, కరెంటు పారుతున్న రేకును అయస్కాంతం మధ్య పెడితే అడ్డంగా చిన్న వోల్టేజి పుడుతుందని గమనించాడు. ఇవాళ మన పిడిలో పనిచేస్తున్నది ఆ సూత్రమే. పిడి తిప్పితే అయస్కాంతం జరుగుతుంది, సెన్సర్ నుంచి వచ్చే వోల్టేజి మారుతుంది. రాసుకుపోయే భాగాలేవీ లేవు కాబట్టి సెన్సర్ తనంతట తాను అరిగిపోదు. పాడైందీ అంటే నీళ్ళో, దెబ్బో, తప్పు వైరింగో కారణమై ఉంటుంది.

మూడు వైర్లు చాలు. ఎరుపులో కంట్రోలర్ నుంచి సుమారు 5 వోల్టులు వస్తాయి, కొన్నింటిలో 4.3 దాకా తగ్గి ఉండొచ్చు. నలుపు నెగెటివ్. మూడోది సిగ్నల్, ఎక్కువగా ఆకుపచ్చ లేదా తెలుపు. పిడి వదిలేసి ఉన్నప్పుడు సిగ్నల్‌లో 0.8 నుంచి 1 వోల్టు, పూర్తిగా తిప్పితే 3.6 నుంచి 4.2 దాకా కనిపించాలి. ఈ అంకెలు గుర్తుంచుకోండి, మిగతా కథంతా వీటి చుట్టూనే.

పిడి మీద బ్యాటరీ గీతలు, లాక్ బటన్ ఉన్న రకం అయితే అదే గుత్తిలో ఇంకో రెండు మూడు వైర్లు వస్తాయి. వాటిలో బ్యాటరీ పూర్తి వోల్టేజి, అంటే 36, 48, 60 ఎంతుంటే అంత, నడుస్తూ ఉంటుంది. ఆ వైరు పొరపాటున 5 వోల్టుల వైరుకు తగిలితే సెన్సర్ పోతుంది, దానితోపాటు కంట్రోలర్ కూడా పోవచ్చు. షాపు వాడు ముందే చెప్పిన తీర్పును అలా మనమే నిజం చేసినట్టవుతుంది.

విప్పకముందు

స్క్రూడ్రైవర్ తీయకముందు రెండు నిమిషాలు బండిని చూడండి. సైడ్ స్టాండ్ పూర్తిగా మడిచి ఉందా? మీటరు మీద పార్కింగ్‌ను సూచించే 'పి' అక్షరం వెలుగుతోందా? రివర్స్ బటన్, స్పీడ్ మోడ్ బటన్ సగంలో ఇరుక్కున్నాయా? తర్వాత వెనక్కి వెళ్ళి బ్రేకు లైటు చూడండి. బ్రేకు పట్టకుండానే అది వెలుగుతూ ఉంటే మీ థ్రాటిల్‌కు ఏ పాపమూ తెలియదు.

బ్రేకు లివర్‌లో చిన్న స్విచ్ ఉంటుంది. బ్రేకు పట్టగానే మోటారుకు పవర్ ఆపమని కంట్రోలర్‌కు అది చెబుతుంది. తుప్పు పట్టో, బురద చేరో, బండి పడి లివర్ వంగో ఆ స్విచ్ నొక్కుకున్నట్టే ఉండిపోతే కంట్రోలర్ పాపం బ్రేకు పట్టారనే అనుకుంటుంది. పిడి ఎంత తిప్పినా వినదు. థ్రాటిల్ పోయిందని మార్చిన బండ్లలో కొన్నింటికి అసలు జబ్బు ఇదే. తర్వాతి భాగంలో చెప్పే జాగ్రత్తలు తీసుకుని, రెండు లివర్ల కప్లర్లూ (వైర్లను కలిపే ప్లగ్గులు) ఒక్కొక్కటిగా ఊడదీసి చూడండి. ఒకటి తీయగానే చక్రం తిరిగితే దొంగ దొరికినట్టే. అయితే దాన్ని ఊడదీసి అలాగే వదిలేసి బండి నడిపేవాళ్ళున్నారు. అలా చేయొద్దు. ఎందుకో కాస్త ముందుకు వెళితే తెలుస్తుంది.

కొలవడం

డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొనండి. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ లాంటి చోట్లే కాదు, ఏ పట్టణంలోనైనా ఎలక్ట్రానిక్స్ సామాను షాపులో చవకరకం దొరుకుతుంది. ఈ పనికి అది చాలు. మీటరు తిప్పుడు మీట డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టాలి. ఆంపియర్ల దగ్గర పెట్టి వోల్టేజి కొలిస్తే మీటరు లోపల ఫ్యూజు పోతుంది, లేదా కొలుస్తున్నది షార్ట్ అవుతుంది.

బండిని సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గాల్లో ఉండేట్టు చూసుకోండి. ఇది ఐచ్ఛికం కాదు. పరీక్ష మధ్యలో చక్రం ఒక్కసారిగా తిరిగితే బండి గోడ మీదికో మనిషి మీదికో పోతుంది. సైకిల్ అయితే తలకిందులు చేయండి. చేతి ఉంగరం, గడియారం తీసేయండి. ఏ కప్లర్ ఊడదీయాలన్నా, పెట్టాలన్నా ముందు తాళం ఆఫ్ చేసి సీటు కింద ఉండే ఎంసీబీ (బ్యాటరీ మెయిన్ స్విచ్) దించండి, కొన్ని నిమిషాలు ఆగండి. కంట్రోలర్ లోపలి కెపాసిటర్లలో ఛార్జి కాసేపు నిలిచి ఉంటుంది.

థ్రాటిల్ వైరు పిడి నుంచి కిందికి దిగి హెడ్‌లైటు డూమ్ లోపలో, ముందు ప్యానెల్ వెనకో ఒక కప్లర్ దగ్గర కంట్రోలర్ వైపు వైరింగ్‌తో కలుస్తుంది. దాన్ని ఊడదీయకుండా, వైర్లు దూరే వెనక వైపు నుంచి గుండుసూది గుచ్చి మీటరు మొన దానికి ఆనించాలి. రెండు సూదులు ఒకదానికొకటి తగలకూడదు. నల్ల మొన నలుపు వైరుకు, ఎర్ర మొన ఎరుపుకు పెట్టి తాళం ఆన్ చేయండి. 5 వోల్టుల చుట్టుపక్కల వస్తే ఎర్ర మొనను సిగ్నల్ వైరుకు మార్చి పిడిని మెల్లగా తిప్పండి.

అంకె 0.8 నుంచి ఎక్కడా తడబడకుండా 4 దాకా ఎక్కి, వదలగానే తిరిగి దిగిందా? థ్రాటిల్ బాగానే ఉంది. దాని జోలికి పోకండి. మధ్యలో గంతులు వేస్తూ ఎక్కితే వైరు నలిగి ఉంటుంది, లేదా అయస్కాంతం కదులుతూ ఉంటుంది.

ఎంత తిప్పినా సున్నాయేనా? సిగ్నల్ వైరు తెగింది, లేదా సెన్సర్‌కు ఎరుపు చేరడం లేదు, లేదా సెన్సర్ చచ్చిపోయింది. ఎంత తిప్పినా సరఫరాలో సగం దగ్గరే, రెండు, రెండున్నర వోల్టుల మధ్య, కదలకుండా కూర్చుందా? ఇది తెలిసినవాళ్ళు తక్కువ. అయస్కాంతం ఎదురుగా లేనప్పుడు ఈ రకం సెన్సర్ ఇచ్చేది సరిగ్గా సగమే. అంటే సెన్సర్ బతికే ఉంది, జిగురు ఊడి అయస్కాంతం జారిపోయింది. దాన్ని ఎపాక్సీతో తిరిగి అతికిస్తే పిడి మళ్ళీ పనిచేస్తుంది. తలకిందులుగా అతికిస్తే లెక్క తిరగబడి, వదిలినప్పుడు ఎక్కువ, తిప్పినప్పుడు తక్కువ వస్తుంది. అందుకని జిగురు ఆరకముందే ఒకసారి కొలిచి చూసుకోవాలి.

మొదట్లోనే ఎరుపులో 5 వోల్టులు రాకపోతే దారి వేరు. ఎంసీబీ దించి థ్రాటిల్ కప్లర్ ఊడదీసి, మళ్ళీ ఆన్ చేసి కంట్రోలర్ వైపు కొలవండి. ఇప్పుడు వస్తే థ్రాటిల్ లోపల షార్ట్ ఉంది, నీళ్ళు చేరినా ఇలాగే అవుతుంది. అప్పటికీ రాకపోతే కంట్రోలర్‌ను నిందించే ముందు మోటారు వైపు చూడండి. మోటారు లోపల కూడా హాల్ సెన్సర్లు ఉంటాయి, వాటికీ చాలా కంట్రోలర్లలో ఇదే 5 వోల్టులు వెళతాయి. ఎరుపు, నలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం సన్న వైర్ల కప్లర్ అది. చక్రం ఇరుసు దగ్గర ఆ గుత్తి నలిగి షార్ట్ అయితే పిడి దగ్గర కూడా వోల్టేజి మాయమవుతుంది. ఆ కప్లర్ కూడా తీసి చూశాక 5 వోల్టులు రాకపోతేనే కంట్రోలర్ పేరు ఎత్తాలి.

సిగ్నల్ సరిగ్గా ఉండి మోటారు తిరగకపోతే కంట్రోలర్ వింటోందో లేదో చూడటానికి ఒక పాత కిటుకు ఉంది. వెనక చక్రం గాల్లో ఉండగా థ్రాటిల్ కప్లర్ ఊడదీసి, తాళం ఆన్ చేశాక, గడియారంలో వాడే 1.5 వోల్టుల సెల్లు నెగెటివ్‌ను కంట్రోలర్ వైపు నలుపుకు, పాజిటివ్‌ను సిగ్నల్‌కు ఒక క్షణం తాకించాలి. ఒకటిన్నర వోల్టు అంటే పిడి కొద్దిగా తిప్పిన లెక్క. చక్రం మెల్లగా కదిలితే కంట్రోలర్, మోటారు రెండూ బాగున్నట్టే. కొందరు ఎరుపును నేరుగా సిగ్నల్‌కు తాకించి చూపిస్తుంటారు. అది ఫుల్ రేజ్ అడగడం. అలా చేయకండి.

మెడ దగ్గర తెగే వైరు

నీళ్ళ తర్వాత థ్రాటిళ్ళను ఎక్కువగా చంపేది హ్యాండిల్ మెడ. బండి మలుపు తిరిగిన ప్రతిసారీ వైర్ల గుత్తి అక్కడ వంగుతుంది. ట్యాగ్‌తో మరీ బిగించి కట్టి ఉంటే ఇంకా తొందరగా నలుగుతుంది. పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరదు, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. అందుకే కొన్ని బండ్లు తిన్నగా పోతున్నంతసేపూ బాగుంటాయి, ఎడమకు తిప్పగానే ఆగిపోతాయి. గతుకుల్లో ఒక్క క్షణం పవర్ పోయి మళ్ళీ వస్తుంది. షాపుకు తీసుకెళ్ళేసరికి అంతా మామూలుగా ఉంటుంది.

దీన్ని పట్టుకోవాలంటే సిగ్నల్ కొలుస్తూ, పిడిని సగంలో ఉంచి, ఇంకొకరిని హ్యాండిల్ ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పమనండి. అంకె ఎక్కడ ఎగిరితే అక్కడ మెడ దగ్గర గుత్తిని వేళ్ళతో నొక్కుతూ పోతే తెగిన చోటు దొరుకుతుంది. తొడుగు అక్కడ మెత్తగా, ఎముక లేనట్టు తగులుతుంది.

మూడు వైర్లలో ఏది తెగిందన్నదాన్ని బట్టి చాలా పెద్ద తేడా ఉంటుంది. ఎరుపో సిగ్నలో తెగితే బండి ఆగుతుంది, విసుగు తప్ప ప్రమాదం లేదు. నలుపు తెగితే సెన్సర్ సిగ్నల్ 5 వోల్టుల వైపు ఎగబాకుతుంది. కంట్రోలర్‌కు అది ఫుల్ రేజ్‌లా కనిపిస్తుంది. తాళం ఆన్ చేసేటప్పుడే ఎక్కువ సిగ్నల్ ఉంటే కదలకుండా ఆపే రక్షణ చాలా కంట్రోలర్లలో ఉంది. నడుస్తుండగా తెగితే ప్రతి చవక కంట్రోలరూ దాన్ని గుర్తిస్తుందని నమ్మలేం. పిడి వదిలేసినా బండి దూసుకుపోతుంది. అప్పుడు మిమ్మల్ని కాపాడేది బ్రేకు లివర్‌లోని ఆ చిన్న స్విచ్. దాని కప్లర్ ఊడదీసి వదిలేయొద్దన్నది అందుకే. ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా కాలేజీకి వేసుకెళ్ళే పిల్లలకు, నేర్పాల్సిన పని ఒకటుంది. బండి మాట వినకపోతే రెండు బ్రేకులూ పట్టి, తాళం ఆఫ్ చేయాలి. హ్యాండిల్ లాక్ పడేదాకా తిప్పకూడదు, ఆఫ్ దగ్గరే ఆపాలి. ఖాళీ చోట ఒకసారి చేయించి చూడండి.

అతకాలా, మార్చాలా?

వానలో తడిశాకో, పైపుతో కడిగాకో వచ్చిన జబ్బు అయితే ముందు ఆరబెట్టండి. కప్లర్ పిన్నుల మీద ఆకుపచ్చ తుప్పు ఉంటే కాంటాక్ట్ క్లీనర్‌తో, పాత టూత్‌బ్రష్‌తో తుడవండి. పిడిని విప్పి గాలికి పెట్టండి. హెయిర్ డ్రయ్యర్ వేడి ఎక్కువ పెడితే ప్లాస్టిక్ వంకరపోయి పిడి వెనక్కి తిరగదు. చాలాసార్లు ఇంతటితోనే పని అయిపోతుంది. వాటర్ సర్వీసింగ్ చేసేవాడు ప్రెషర్ పైపును హ్యాండిల్ మీద పెట్టకుండా చూసుకోవడం మీ పని.

వైరు తెగితే తెగిన ముక్క కత్తిరించి, సోల్డరింగ్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడగాలి. మూడు అతుకులూ ఒకే చోట పడకుండా ఒక్కో వైరును ఒక్కో పొడవున కత్తిరిస్తే ఒకదానికొకటి తగిలే ప్రమాదం ఉండదు. మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టడం మాత్రం వద్దు. మన మే నెల ఎండకు టేపు జిగురు కరిగి జారిపోతుంది. సరిగ్గా జూన్ వానలకు అతుకు బయటపడుతుంది.

సెన్సర్ ఒక్కటే పోతే 49ఈ రకం సెన్సర్ కొని మార్చొచ్చు, చాలా చవక. అక్షరాలు ఉన్న ముఖం పాతది ఎటు ఉందో అటే ఉండాలి. సోల్డరింగ్‌లో చేయి తిరిగినవాళ్ళు చేసుకోవచ్చు. మిగతావాళ్ళు పూర్తి థ్రాటిల్ కొనడమే మేలని నా ఉద్దేశం. మూడు కాళ్ళ మధ్య టిన్ను అంటుకుంటే మళ్ళీ మొదటికి వస్తుంది. స్విచ్చులన్నీ కలిసిన మీ మోడల్ పిడి ఊళ్ళో దొరక్కపోతే అది వేరే సంగతి. అప్పుడు సెన్సర్ మార్చుకోవడమే దారి.

కొత్త థ్రాటిల్ కొనేటప్పుడు పాతదాన్ని చేత పట్టుకుని వెళ్ళండి. హ్యాండిల్ గొట్టం సాధారణంగా 22 మిల్లీమీటర్లు ఉంటుంది, అక్కడ పెద్ద ఇబ్బంది రాదు. పేచీ అంతా వైర్ల దగ్గర. కప్లర్ పట్టింది కదా అని తాళం ఆన్ చేయకండి. రంగులను నమ్మొద్దు. కంట్రోలర్ వైపు ఏ పిన్నులో 5 వోల్టులుందో, ఏ పిన్నులో బ్యాటరీ వోల్టేజి ఉందో మీటరు 200 వోల్టుల దగ్గర పెట్టి ముందే చూసుకుని, కొత్తదాని వైర్లను దానికి తగ్గట్టు జతచేయాలి.

బిగించేటప్పుడు హ్యాండిల్ కొసకు, తిరిగే పిడికి మధ్య సన్నని సందు వదలండి. ఎడమ చేతి పిడిలా గట్టిగా తోసేస్తే తిప్పిన పిడి తిప్పినట్టే ఉండిపోతుంది. కొత్త థ్రాటిల్‌కు స్ప్రింగ్ బాగాలేదని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఇలాంటివే.

బండి విప్పి ఉంది కదా అని మెకానిక్ "స్పీడ్ వైరు కోసేద్దామా?" అని అడగొచ్చు. వేగపు పరిమితి తీసేసిన బండికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మినహాయింపు ఉండదు. ప్రమాదం జరిగితే ఆ వైరు సంగతి ముందుగా బయటికొస్తుంది. వద్దనండి.

షాపుకే వెళ్ళాల్సి వస్తే

ఇన్ని కొలిచాక కూడా లోపం కంట్రోలర్‌లోనో మోటారులోనో తేలొచ్చు. అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్ళడంలో తప్పేమీ లేదు. ఏం మాట్లాడతారన్నదే తేడా. "బండి కదలట్లేదన్నా" అంటే అతను తనకు తోచింది మారుస్తాడు. "అన్నా, ఎరుపులో 4.9 వస్తోంది, సిగ్నల్ 0.85 నుంచి 3.9 దాకా ఎక్కుతోంది, బ్రేకు కప్లర్లు తీసి చూశాను, అయినా తిరగట్లేదు" అనండి. అతని ముఖంలో మార్పు మీరే చూస్తారు. పని తెలిసినవాడైతే సంతోషిస్తాడు, సగం పని మీరు చేసి పెట్టారు. చిరాకు పడితే, విజయవాడ ఆటోనగర్ అంత పెద్దది కాకపోయినా మీ ఊళ్ళో ఇంకో షాపు ఉండే ఉంటుంది. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకోండి, డబ్బులు మీవి కదా.

రిపేరు ఎవరు చేసినా రోడ్డెక్కే ముందు పరీక్ష మీరే చేయాలి. సెంటర్ స్టాండ్ మీద పిడిని మెల్లగా తిప్పి వదిలితే అది తనంతట తాను వెనక్కి రావాలి, మోటారు లాగడం ఆపాలి. చక్రం తిరుగుతుండగా ఒక్కో బ్రేకు లివర్ కొంచెమే నొక్కితే పవర్ తెగిపోవాలి. హ్యాండిల్ రెండు కొసలకూ తిప్పినప్పుడు చక్రం దానంతట అది కదలకూడదు. తర్వాత ఖాళీ వీధిలో, వెనక ఎవరినీ ఎక్కించుకోకుండా ఒక చుట్టు తిరగండి. తిరిగొచ్చాక ఎరుపులో ఎంత వచ్చింది, వదిలినప్పుడు ఎంత, పూర్తిగా తిప్పితే ఎంత, ఏ రంగు వైరు దేనిది అన్నవి తేదీతో సహా ఒక కాగితం మీద రాసి సీటు మూత లోపలి వైపు అతికించండి. రేపు మీ తమ్ముడికో, మెకానిక్‌కో ఈ బండి విప్పాల్సి వస్తే వాళ్ళు మొదట వెతికేది ఆ అంకెలనే.